ఒకే అద్దం, రెండుసార్లు

సోమవారం

ఈ డైరీ ఎవరికోసమూ కాదు. ఆఫీసుకి వేరే నోట్సు ఉంది. అందులో "మా ఆయన" అని రాయకూడదు, "అత్తయ్య" అని రాయకూడదు. ఇక్కడ హాయిగా రాసుకోవచ్చు. ఈ వారమంతా ఇంట్లో నేను నాలా ఉండటానికి లేదు, ఏదో ఒక మూలన ఉండాలి కదా.

మా రీసెర్చి సెంటర్లో ఇన్నాళ్ళూ చేసింది ఒకటే పని. మనుషులు మామూలుగా మాట్లాడుకునేది రికార్డు చేసుకొచ్చి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, దగ్గూ నవ్వూ నిట్టూర్పూ ఏదీ వదలకుండా కాగితం మీద పెట్టడం. టికెట్ కౌంటర్ దగ్గర ఇద్దరు అరనిమిషం మాట్లాడుకుంటే నాకు ఒక పూట పడుతుంది. ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరి మాటకి ఎవరు అడ్డుపడ్డారు, ఎంత ఆలస్యంగా "ఊఁ" అన్నారు, అన్నీ రాయాలి. ఇప్పుడు అదీ చాల్లేదట. "వినడం అయింది, ఇక కదిపి చూడండి," అంది మేడమ్.

కదపడం అంటే ఏంటంటే, ఎవరింట్లో వాళ్ళు వారం పాటు అద్దెకి దిగిన మనిషిలా మసలాలి. మర్యాదగా, పొడిపొడిగా. అడక్కుండా ఫ్రిజ్ తెరవకూడదు. ఎవరి సంగతుల్లోనూ తలదూర్చకూడదు. ఎందుకిలా ఉన్నావని అడిగితే "ఏం లేదండీ" అనాలి. వారం అయ్యాక ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాలి.

"ఇల్లే ఎందుకు మేడమ్, బజార్లో చేస్తే పోదా?" అన్నాడు గడ్డం. నా పక్క టేబుల్ అతను, మొహంలో గడ్డం తప్ప ఇంకేం కనిపించదు.

"బజార్లో మనం పరాయివాళ్ళమే. ఇంట్లోనేమో అన్నీ తెలుసనుకుంటాం. ఆ అనుకోవడం మీదే ఇల్లు నడుస్తుంది. దాన్ని తీసి కాసేపు పక్కన పెట్టండి, ఏం మిగుల్తుందో చూద్దాం."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫినామినాలజీ అంటే ఏంటే అని అత్తయ్య అడిగింది. తెలిసినదాన్ని తెలియనట్టు చూడటం అత్తయ్యా అన్నాను. "దానికి జీతమిస్తారా! మా వాడు పుట్టినప్పట్నుంచీ ఊరికే చేస్తున్నాడు," అంది.

ఆ 'మా వాడు' కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడు. ఓనరు వేరే ఊళ్ళో ఇంకో షాపు తెరుస్తున్నాడు, వచ్చి చూసుకోమన్నాడు. ఇది తను నాతో అనలేదు. వాళ్ళమ్మతో అని పది రోజులైంది. ఆవిడ నోరు జారింది కాబట్టి నాకు తెలుసు. నాకు తెలుసని తనకి తెలీదు. కోపమేం లేదు. ఊరికే రాసుకుంటున్నా.

మంగళవారం

"అత్తయ్యగారూ, మంచినీళ్ళు తీసుకోవచ్చాండీ?"

ఆవిడ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి 'గారు' ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?"

ఏం లేదండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు, కానీ మనిషి బుర్ర ఊరుకోదు కదా, మధ్యాహ్నానికల్లా ఒక కారణం తనే అల్లేసింది. వాళ్ళ చెల్లెలికి ఫోన్లో చెప్తోంది, "పిల్ల ఏదో పగలగొట్టింది, బయటపడటం లేదు." తర్వాత అల్మైరాలో గాజు సామానంతా దింపి చూసుకుంది. నాకు నవ్వాగక బాత్రూంలోకి వెళ్ళిపోయాను.

తనతో ఇంకా తమాషా. "టీ తీసుకుంటారా?" అంటే వెనక ఎవరైనా వచ్చారేమో అని తలతిప్పి చూశాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ మేం నువ్వూ నువ్వూ అనే అనుకుంటాం మరి.

భోజనాల దగ్గర తను రోజూలాగే షాపు కబుర్లు. ఒకాయన ఏ అద్దం పెట్టినా "ఆఁ, బ్రహ్మాండం" అంటున్నాడట. అలాంటివాళ్ళకి తన దగ్గర ఒక చిట్కా ఉంది. పెట్టిన అద్దమే తీసి, మార్చినట్టు నటించి, మళ్ళీ అదే పెడతాడు. "ఇదా, ముందుదా?" అంటాడు. రెండూ ఒకటే అన్నవాళ్ళు నిజంగా చూస్తున్నారని లెక్క. ఇది ఇంకా బాగుందన్నవాళ్ళు మనల్ని మెప్పించడానికి చెప్తున్నట్టు. మామూలుగా అయితే "ముందు మోసం చేసింది నువ్వే కదరా బాబూ" అని దెబ్బలాటకి దిగేదాన్ని. ఇవాళ "చాలా ఆసక్తిగా ఉందండీ" అన్నాను. తింటున్నవాడు ఆగిపోయాడు.

బుధవారం

ఇవాళ తనూ ఆట అందుకున్నాడు. "మీదే ఊరండీ? ఎన్నాళ్ళుంటారు?" అని కన్ను గీటాడు. నేను నవ్వలేదు, నవ్వకూడదు. "కొన్నాళ్ళే ఉంటానండీ," అన్నాను. తను కాసేపు అలాగే నవ్వు మొహంతో నిలబడ్డాడు. తర్వాత నవ్వు తీసేసుకుని వెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

గురువారం

ఆఫీసు నోట్సులో రాసింది ఇక్కడ కూడా దించుకుంటున్నా, బాగా వచ్చింది.

'నలభైకి దగ్గర్లో ఉన్న ఒక మగమనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. కుడికాలి చెప్పు పట్టీ తెగి, సూదీ దారంతో కుట్టి ఉంది. ఫ్యాన్ వేసుకోకుండా కూర్చున్నాడు. ఒక పెద్దావిడ టీ ఇచ్చింది. అతను ఆ గదిలో ఉన్న రెండో స్త్రీ వైపు పదే పదే చూశాడు, చెప్పాల్సిందేదో ఉన్నవాడిలా. ఆమె ఫ్యాన్ వెయ్యమంటారా అని అడిగింది. నీ ఇష్టం అన్నాడు.'

మేడమ్ చదివి భేష్ అంది. 'చెప్పాల్సిందేదో ఉన్నవాడిలా' అన్న ముక్క మాత్రం కొట్టేసింది. అది నువ్వు చూసింది కాదు, తెలిసినదాన్ని కలిపావు అంది.

ఆ చెప్పు ఎప్పుడు తెగిందో నాకు తెలీదు. ఎవరు కుట్టారో కూడా.

శుక్రవారం

చెప్పాడు. బాల్కనీలో బట్టలు తీస్తుంటే వచ్చి, ఒక చివర పట్టుకుని దుప్పటి మడతపెట్టిస్తూ చెప్పాడు. కొత్త షాపు, జీతం ఎక్కువ, పైనే గది, ఏడాది పాటు కదలడానికి వీలుండదు. ఓనరు వచ్చే గురువారం లోపల చెప్పమన్నాడట.

"నువ్వేమంటావు? వెళ్ళనా?"

"అది మీ సొంత విషయం కదండీ. నేను చెప్పేదేముంది."

దుప్పటి నాలుగు మడతలైంది. తను తన చివర వదల్లేదు.

"నేను వెళ్ళిపోతే నీకు ఫరవాలేదా?"

"మీకెలా వీలైతే అలా చెయ్యండి."

తను ఆగాడు. తర్వాత "సరే" అన్నాడు. మా రికార్డింగుల్లో వెంటనే పడే 'సరే' వేరు, ఆగి వచ్చే 'సరే' వేరు. దీన్ని ఏ గుర్తుతో రాయాలో నాకు బాగా తెలుసు. రాశాను కూడా.

నియమం నియమమే. మధ్యలో వదిలేస్తే వారమంతా చేసింది బూడిదలో పోసినట్టే. ఆదివారం ఎలాగూ అంతా చెప్పేస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం. నియమం నియమమే.

శనివారం

ఇవాళ తను ఏమీ అడగలేదు. నోట్సు ఖాళీ.

ఆదివారం

చెప్పలేదు. మేడమ్‌కి ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు పొడిగించమన్నాను. ఆవిడ సంతోషించింది. గడ్డం అతని పరీక్ష మూడో రోజే ఆగిపోయిందట. "నాన్నగారూ, ఇక్కడ కూర్చోవచ్చాండీ" అన్నందుకు వాళ్ళ నాన్న ఆటో పిలిచి తిన్నగా డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాడు. నాది సవ్యంగా సాగుతోంది కాబట్టి పొడిగిస్తేనే మంచిది. అందుకే పొడిగించాను. ఇంకేం కారణం లేదు.

సోమవారం

తను షాపుకి వెళ్ళగానే అత్తయ్య టీవీ కట్టేసి నా ఎదురుగా కూర్చుంది.

"వాడు నిన్ను ఏమైనా అన్నాడా?"

"లేదండీ."

"చెయ్యి చేసుకున్నాడా?"

"అయ్యో, లేదండీ."

"మరి వాడితో పరాయిదానిలా ఎందుకుంటున్నావే? నాతో ఉండు, పోన్లే, అత్తని. వాడితో ఎందుకు? నిన్న నా దగ్గరకొచ్చి, 'అమ్మా, తనకి నేను అక్కర్లేదా' అని అడిగాడు. చిన్నప్పుడు కూడా వాడు నన్ను అలా ఏదీ అడిగి ఎరగడు."

నాకు తెలీదండీ అన్నాను. బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చాను. పోయినసారి ఇదే బాత్రూంలోకి నవ్వాగక వచ్చాను.

ఇక చాలు. రేపు.

మంగళవారం

చెప్పేశాను. సాయంత్రం తను రాగానే ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇదంతా మా సెంటర్ పని, వారం రోజులు ఇలా ఉండమన్నారు, ముందే చెప్పకూడదన్నారు అని చెప్పాను.

అత్తయ్య పడీ పడీ నవ్వింది. "నీ చదువు తగలెయ్య, గాజు సామానంతా దింపుకున్నాను కదే!" అని నెత్తి మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో.

తను నవ్వలేదు.

"శుక్రవారం కూడానా? దుప్పటి మడతపెట్టినప్పుడు?"

"ఆఁ, అప్పుడు కూడా. అది నేను కాదు. నువ్వు వెళ్ళొద్దు. నాకిష్టం లేదు."

"ఇదెన్నో రోజు?"

"అయిపోయిందన్నాను కదా. ఇప్పుడు నిజంగా చెప్తున్నా."

"అప్పుడు కూడా నిజంగానే చెప్పినట్టుంది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆఖర్న కూర్చోబెట్టి ఇలా చెప్పాలని కూడా మీ మేడమే చెప్పిందా?"

చెప్పింది. నియమాల్లో చివరిది అదే. నాకు నోరు పెగల్లేదు, ఆ ఆగడం తను విన్నాడు. వినడానికి హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు.

"షాపులో ఒకే అద్దానికి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ మాట మీద నేను కొత్త అద్దాలు చెయ్యను," అన్నాడు.

బుధవారం

పడగ్గది తలుపు తట్టి "లోపలికి రావచ్చాండీ?" అన్నాడు. నేను ఏమీ అనకముందే తువ్వాలు అడిగి తీసుకుని, థాంక్సండీ అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళాడు.

ఇది వెక్కిరింపా, కోపమా, నిజంగానే పరాయి అయ్యాడా? తేల్చుకోలేకపోతున్నా. పొద్దున "మీరు టిఫిన్ చేశారా?" అన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి "మీ అత్తయ్యగారికి మందులు తేవాలా?" అన్నాడు. ఇక పట్టలేక అరిచాను. నువ్వు నన్ను చంపుతున్నావు, తిట్టైనా తిట్టు అన్నాను.

"ఈ అరవడం కూడా రాసుకుంటారా?" అన్నాడు.

ఇదిగో, రాసుకుంటూనే ఉన్నాను.

ఇక్కడైనా నిజం రాయాలి. ఆ పరీక్ష లేకపోయినా శుక్రవారం నాడు నేను అలాగే అనేదాన్నేమో. పది రోజులు నా దగ్గర దాచి వాళ్ళమ్మకి చెప్పాడని నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెప్పకుండానే తనకి తెలియాలి, వెళ్ళనా అని అడగడమేంటి అనిపించింది. చేతికి ఒక నియమం దొరికింది, దాని వెనక దాక్కుని కొట్టాను. తను నమ్మనిది మేడమ్‌ని కాదు, నన్నే. నమ్మకపోవడమే రైటు. అయినా వెళ్ళొద్దు. ఇది ఎవరికి చెప్పను? ఎలా చెప్తే ఇది మామూలు మాటలా వినిపిస్తుంది?

గురువారం

"ఆకలేస్తోంది" అన్నాను. ఇది కూడా పరీక్షేమో అన్నట్టు తల్లీ కొడుకులిద్దరూ నా మొహం చూశారు.

శుక్రవారం

సెలవు పెట్టి షాపుకి వెళ్ళాను. అక్కడైతే తను అడగాల్సిందే, నేను చెప్పాల్సిందే. బెంచీ మీద ఒక పెద్దావిడ పక్కన కూర్చుని నా వంతు కోసం చూశాను.

తను తలెత్తి చూశాడు. "రండి," అన్నాడు. అది ఇంట్లో అంటున్న 'రండి' కాదు, షాపుకొచ్చిన ప్రతివాళ్ళతో అనే 'రండి'. ఆ మామూలు మాటకి ప్రాణం లేచొచ్చింది.

"ఏంటి ఇబ్బంది?"

"దూరంవి మసగ్గా ఉంటున్నాయి." అబద్ధం కాదు. ఏడాదిగా చెప్తున్నా, చూద్దాంలే అంటున్నాడు.

బరువైన ఆ ఇనప ఫ్రేము నా ముక్కు మీద పెట్టి చెవుల దగ్గర సర్దాడు. వేళ్ళు తగిలాయి. ఈ మధ్య తను నన్ను తాకడం అదే మొదటిసారి. ఒక్కొక్క గుండ్రటి అద్దం పెడుతున్నాడు, తీస్తున్నాడు.

"ఇదా, ముందుదా?"

"ఇది."

"ఇదా, ముందుదా?"

"ముందుదే నయం."

"ఇదా, ముందుదా?"

చూశాను. నిజంగా చూశాను. "రెండూ ఒకటే," అన్నాను.

తన చెయ్యి కాసేపు అలాగే నా మొహం దగ్గర ఉండిపోయింది.

"కింది వరస చదువు," అన్నాడు.

చదివాను. తప్పు పోలేదు.

"నేను వెళ్ళనా?" అదే గొంతు, అద్దాల గొంతు.

"వద్దు."

అద్దం తీశాడు. తుడిచి మళ్ళీ అదే పెట్టాడు.

"వెళ్ళనా?"

"వద్దు."

మూడోసారి అడగలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూలబడ్డాడు. "నమ్ముతున్నా," అన్నాడు. తర్వాత, "నిన్న సాయంత్రం ఓనరుకి ఒప్పుకున్నా. మాటిచ్చేశా. సోమవారం నుంచి ఈ కుర్చీలోకి వేరే అతను వస్తున్నాడు."

ఫ్రేము ఇంకా నా మొహం మీదే ఉంది. గోడ మీద అన్నిటికన్నా చిన్న అక్షరాల వరస కూడా స్పష్టంగా కనిపించింది. కాసేపటికి కనిపించలేదు.

బయటికి వస్తుంటే బెంచీ మీది పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఏడవకమ్మా. పవర్ పెరిగిందన్నాడా? అందరికీ పెరుగుతుంది," అంది.

ఆదివారం

వెళ్ళాడు. నేనూ వస్తానన్నాను. కాస్త ఆగి, "కుదురుకున్నాక చూద్దాం," అన్నాడు. బస్సు దగ్గర నువ్వు అనే అన్నాడు. కాలికి కొత్త చెప్పులున్నాయి.

కళ్ళద్దాలు తనే చేసి టీవీ మీద పెట్టి వెళ్ళాడు. పెట్టుకుని చూస్తే హాల్లో గోడల మూలలన్నిటా బూజు. అత్తయ్య కంటి కింద నల్లటి మచ్చ ఒకటుంది, ఇన్నాళ్ళూ చూడనేలేదు.

బుధవారం

సెంటర్లో మీటింగు. మేడమ్ నా నోట్సు అందరికీ వినిపించి, ఇంత మంచి డేటా ఎవరికీ రాలేదంది. గడ్డం చప్పట్లు కొట్టాడు. "చివరికి మీ ఆయన ఎలా తీసుకున్నాడు?" అని అడిగింది మేడమ్. బాగానే తీసుకున్నాడండీ అన్నాను. మేడమ్‌తో ఎప్పుడూ 'అండీ' అనే అంటాను, అందుకని ఎవరికీ ఏమీ అనిపించలేదు.

షాపుకి వెళ్ళిన రోజు పేజీ మాత్రం ఇవ్వలేదు. అది నాది.

తర్వాతి సోమవారం

రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. షాపు బాగుందట. బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదట. ఒక ముసలాయన అద్దాలు పెట్టుకోగానే భార్యని చూసి "ఇంత వయసొచ్చిందా నీకు" అన్నాడట, ఆవిడ అక్కడే దులిపేసిందట. ఇద్దరం నవ్వుకున్నాం. మామూలుగా.

"తిన్నావా?" అంటాడు. తిన్నానంటాను. ఇంకేవో కబుర్లు. మధ్యలో మళ్ళీ, "తిన్నావా?" మొదట్లో మర్చిపోయాడనుకున్నా. "నిద్ర పడుతోందా?" అన్నది కూడా రెండుసార్లు. "నేను లేకపోతే తోచడం లేదా?" అన్నది కూడా. ప్రతిదీ రెండుసార్లే. మర్చిపోవడం కాదు.

అడగొద్దని అనలేను. అంటే ఎందుకొద్దంటోందా అని తనకి అనిపిస్తుంది. విసుక్కోలేను, విసుగుకి కూడా ఏదో ఒక అర్థం తీస్తాడు. అందుకని నేనూ రెండుసార్లూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్తున్నాను. గొంతు ఎలా ఉండాలో నాకు తెలుసు కదా, ఎక్కడ ఆగకూడదో కూడా.

గురువారం

ఇవాళ తినలేదు. అత్తయ్య ప్లేటు పెట్టి పిలిచింది, తర్వాత తింటానన్నాను, ఆవిడ మూతపెట్టి పడుకుంది.

తను ఫోన్ చేశాడు. "తిన్నావా?" తిన్నానన్నాను. కొత్త షాపులో కరెంటు పోయిన సంగతి చెప్పాడు. కాసేపాగి, "తిన్నావా?" అన్నాడు. తిన్నానన్నాను.

నమ్మాడు.